భర్త చేతిలో హింస, పీహెచ్‌సీలో వైద్యం: గోదావరి డెల్టా ఆరోగ్య సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమ, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల డెల్టా మండలాల్లో పనిచేసే మెడికల్ ఆఫీసర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, విలేజ్ హెల్త్ క్లినిక్ సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), ఆశాల కోసం రాసిన పేజీ ఇది. భర్త గానీ, కలిసి బతుకుతున్న మగవాడు గానీ పెట్టే హింస గురించే ఇందులో ముఖ్యంగా ఉంటుంది.

ఇది సంసారాల గొడవ కదా, ఆసుపత్రికేం సంబంధం?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18–49 ఏళ్ళ వివాహితల్లో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింస చూశారు. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్ళలో సాయం కోరినవాళ్ళు 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. అలా చెప్పుకోని మనిషి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కకపోవచ్చు గానీ తలనొప్పి మాత్రలకో, బిడ్డ టీకాకో, గర్భిణి పరీక్షకో మన దగ్గరికి తప్పకుండా వస్తుంది. ఆమెతో నాలుగు గోడల మధ్య మాట్లాడే వీలు ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం (2005) సెక్షన్ 7 ప్రకారం ఆమె అడిగితే వైద్యం అందించడం ఆసుపత్రి బాధ్యత. "ముందు కంప్లైంట్ కాగితం తీసుకురా, తర్వాత చూస్తాం" అనడానికి వీల్లేదు.

ఒంటి మీద దెబ్బలుంటేనే అనుమానించాలా?

కాదు. దెబ్బలతో వచ్చేవాళ్ళకంటే దెబ్బలు కనబడకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ. కారణం దొరకని కడుపునొప్పి, నడుంనొప్పి, ఏళ్ళ తరబడి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే తెల్లబట్ట, మూత్రంలో మంట, వెంటవెంటనే గర్భాలు, పోయిన గర్భాలు, గర్భిణిగా మొదటిసారి ఆలస్యంగా రావడం, బీపీ మందులు ఇచ్చినా వేసుకోకపోవడం: ఇవన్నీ ఒకసారి ఆగి ఆలోచించాల్సినవే.

గాయం ఉంటే దాన్నీ, చెప్పిన కథనూ పక్కపక్కన పెట్టి చూడండి. "బాత్రూమ్‌లో జారి పడ్డానండి" అంటుంది. జారి పడినవాళ్ళకి దెబ్బలు మోచేతులకీ, మోకాళ్ళకీ, అరచేతులకీ తగులుతాయి. ముఖం, మెడ, రొమ్ములు, పొట్ట, వీపు, దెబ్బ కాచుకున్నప్పుడు ముంజేతి బయటివైపు పడే కమిలిన మచ్చలు వేరే కథ చెబుతాయి. పాత మచ్చా కొత్త మచ్చా కలిసి ఉన్నా, గాయమైన రెండు మూడు రోజులకి వచ్చినా, అడిగిన ప్రశ్నకి ఆమె బదులు భర్తే జవాబు చెబుతున్నా గమనించాలి.

అయితే ఓపీకి వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడిగెయ్యాలా?

అక్కర్లేదు. అందరినీ ఒక జాబితా పట్టుకుని ప్రశ్నించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం లేదు. ఆరోగ్య సమస్య వెనుక హింస ఉండొచ్చనిపించినప్పుడు అడగమంటోంది. గర్భిణుల విషయంలో మాత్రం చిన్న అనుమానం వచ్చినా అడగాలి. వాళ్ళు చాలాసార్లు వస్తారు, హింస బిడ్డకీ తగులుతుంది. ప్రతి నెలా 9న గర్భిణుల పరీక్ష రోజు జనం కిటకిటలాడుతుంటారు కాబట్టి ఆ రోజు అడగడం కుదరదు. అనుమానం కలిగితే ఇంకో రోజు రమ్మనడానికి ఒక సాకు వెతకండి. రక్తం మళ్ళీ చూడాలనో, బీపీ ఇంకోసారి కొలవాలనో చెప్పి పిలిపిస్తే చాలు.

అడగడం మొదలుపెట్టే ముందు కేంద్రంలో ఏం సిద్ధంగా ఉండాలి?

తలుపు మూసుకునే గది ఒకటి. కర్టెన్ చాలదు, కర్టెన్ అవతల మాట వినబడుతుంది. అడగడం నేర్చుకున్న మనిషి కనీసం ఒకరు. చెప్పిన తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి పంపాలో గోడకి కాక డ్రాయర్‌లో ఉండే ఒక కాగితం. రికార్డు పెట్టుకోవడానికి తాళం వేసే బీరువా. ఈ నాలుగూ లేకుండా అడిగితే నోరు తెరిచిన మనిషికి మేలు చేయలేం సరికదా, ఆ మాట ఇంటికి చేరితే దెబ్బలు కూడా పెరుగుతాయి. గది లేకపోతే టీకాల గదో, ప్రసూతి గదో ఖాళీగా ఉండే వేళ చూసుకోవచ్చు.

భర్త పక్కనే కూర్చున్నాడు, అత్తగారు కదలదు. ఒంటరిగా ఎలా మాట్లాడాలి?

ఆమె కోసమని ప్రత్యేకంగా బయటికి పంపితే వాళ్ళకి అనుమానం వస్తుంది. అందుకే "లోపలి పరీక్షకి పేషెంట్ ఒక్కరే" అన్నది అందరికీ వర్తించే నియమంగా పెట్టి బోర్డు మీద రాయండి. తర్వాత ఏ ఒక్కరికీ మినహాయింపు ఇవ్వకండి. ఒక సర్పంచ్ గారి కోడలికి సడలిస్తే నియమం పోయినట్టే.

అప్పటికీ వదలకపోతే మూత్రం శాంపిల్ కోసం నర్సు వెంట పంపడం, బరువు చూడడానికి పక్క గదికి తీసుకెళ్ళడం, పొట్ట పరీక్ష, భర్తని రక్తపరీక్ష చీటీతో ల్యాబ్‌కో మందుల కిటికీకో పంపడం లాంటి దారులున్నాయి. రెండేళ్ళు దాటిన పిల్లలు గదిలో ఉన్నా అడగకండి, వాళ్ళు ఇంటికెళ్ళి అమాయకంగా చెప్పేస్తారు. ఆమె చెప్పేది మీకు అర్థం కాకపోతే బంధువుల చేత కాక సిబ్బందిలోనే ఒకరి చేత చెప్పించుకోండి. ఎంత చేసినా ఒంటరిగా దొరకలేదా, ఆ రోజుకి ఊరుకోండి.

ఏ మాటలతో అడగాలి?

"ఇంట్లో అంతా బావుందామ్మా?" అంటే "బానే ఉందండీ" అన్న జవాబే వస్తుంది. "నువ్వు గృహహింస బాధితురాలివా?" అంటే భయపడి లేచిపోతుంది. ముందు ఒక మాట చెప్పి, ఆ తర్వాత సూటిగా అడగడం పనిచేస్తుంది:

"చాలామంది ఆడవాళ్ళకి ఇంట్లో ఇబ్బందులుంటాయమ్మా, దాని వల్ల ఆరోగ్యం పాడవుతుంది. అందుకే అడుగుతున్నాను, ఇక్కడ అన్నది బయటికి పోదు. మీ ఆయన నీ మీద చెయ్యి చేసుకుంటాడా?"

తర్వాత అవసరాన్ని బట్టి: "ఆయనంటే భయమేస్తుందా?" "నీకిష్టం లేకపోయినా బలవంతం చేస్తాడా?" "డబ్బులు గానీ, ఫోను గానీ నీ చేతిలో ఉండనిస్తాడా?" "పుట్టింటికి వెళ్ళనిస్తాడా?" డ్వాక్రా రుణం ఆమె పేరున తీసుకుని మొత్తం లాక్కోవడం, రొయ్యల షెడ్డులో వలిచిన కూలి గానీ లేసు అల్లిన డబ్బు గానీ గుంజుకోవడం కూడా ఇందులోకే వస్తాయి. చట్టంలో దీన్ని ఆర్థిక హింస అన్నారు.

కాదంటే నమ్మినట్టే ఉండండి. గుచ్చి గుచ్చి అడగకండి. "ఎప్పుడైనా అవసరమైతే నా దగ్గరికి రా" అని వదిలెయ్యండి. మూడో విజిట్‌లో చెప్పేవాళ్ళున్నారు.

"బయటికి పోదు" అన్న మాటకి హద్దులున్నాయి. 18 ఏళ్ళ లోపు పిల్ల అయినా, గాయం మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి తెలియజేసే కేసుగా) నమోదు కావాల్సినదైనా ఆ సంగతి ఆమె చెప్పకముందే చెప్పండి. చెప్పాక తెలిస్తే మోసపోయాననుకుంటుంది.

"నాదే తప్పండీ, కూర ఆలస్యం చేశాను" అంటోంది. ఏమనాలి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 84 శాతం ఆడవాళ్ళు, అడిగిన కారణాల్లో ఏదో ఒకదానికి భర్త కొట్టడం సబబేనన్నారు. అందుకే ఆ మాట విని ఆశ్చర్యపోవద్దు, వాదించొద్దు. "కూర ఆలస్యమైతే కొట్టే హక్కు ఎవరికీ లేదమ్మా. నీ తప్పు లేదు. చెప్పి మంచి పని చేశావు." ఇంతే. ఆమె జీవితంలో ఈ మాట ఇదే మొదటిసారి విని ఉండొచ్చు కాబట్టి దీన్ని మందు చీటీలో మొదటి మందుగా లెక్కపెట్టుకోండి.

అనకూడనివి: "నువ్వేం చేశావు?", "ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?", "పిల్లల మొహం చూసి సర్దుకుపో", "వెంటనే వదిలెయ్", "మొగుడన్నాక..."

ఆమె చెప్పేసింది. తర్వాత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మొదటి దశ ఆసరాలో ఐదు పనులున్నాయి. శ్రద్ధగా వినడం, ఆమెకి ఇప్పుడు ఏం కావాలో అడగడం, నమ్ముతున్నామని తెలియజేయడం, ప్రాణానికి ముప్పు తగ్గించడం, మిగతా సాయానికి దారి చూపడం. పది నిమిషాల్లో అయ్యే పని. కంప్యూటర్ వైపు చూస్తూ కాదు, ఫోన్ పక్కన పెట్టి.

ఆమెకి కావాల్సింది మీరనుకున్నది కాకపోవచ్చు. ఒకరికి మళ్ళీ గర్భం రాకుండా సూది కావాలి, ఇంకొకరికి ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియాలి, మరొకరికి ఎవరో ఒకరు విన్నారన్నదే చాలు. అది తీర్చండి. నిద్ర పట్టడం లేదని అడిగినా నిద్రమాత్రలు అలవాటుగా రాసివ్వకండి. మత్తులో ఉంటే దెబ్బ తప్పించుకోలేదు, గుప్పెడు మాత్రలు ఇంట్లో ఉండటం ఇంకో ప్రమాదం.

ఈ రాత్రికే ప్రాణం మీదికి వస్తుందేమో ఎలా తెలుస్తుంది?

ఈ ఆరు అడగండి. గత ఆరు నెలల్లో కొట్టడం పెరిగిందా, ముదిరిందా? కత్తో, కర్రో, మరేదైనా ఆయుధమో వాడాడా, చూపి బెదిరించాడా? ఎప్పుడైనా గొంతు నులిమాడా? నిన్ను చంపగలడని నీకు అనిపిస్తోందా? గర్భంతో ఉండగా కొట్టాడా? ఎప్పుడూ అనుమానంతో రగిలిపోతూ హింస పెడతాడా?

మూడింటికి అవునంటే ప్రమాదం చాలా ఎక్కువని లెక్క. ఆ రోజు ఇంటికి పంపడం సరైనదేనా అని ఆమెతో కలిసి తేల్చుకోవాలి. మూడు రాకపోయినా "చంపేస్తాడండీ" అని ఆమె అంటే ఆ మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. ఆ మనిషి సంగతి మనకంటే ఆమెకే బాగా తెలుసు.

గొంతు నులిమాడంటోంది, మెడ మీద మచ్చ ఏమీ లేదు. ఇంటికి పంపించెయ్యొచ్చా?

పంపించకూడదు. మన కేంద్రాల్లో ఎక్కువగా జారవిడిచేది దీన్నే. మెడ మీద గుర్తు లేకుండానే లోపల రక్తనాళం చిరగొచ్చు, శ్వాసనాళం గంటల తర్వాత వాయొచ్చు. గొంతు బొంగురుపోయిందా, మింగుతుంటే నొప్పా, ఊపిరి కష్టమా, ఆ సమయంలో స్పృహ తప్పిందా, తెలియకుండా మూత్రం పోయిందా, చూపు మసకబారిందా అడగండి. కనురెప్పల లోపల, చెవుల వెనుక, నోటి పైభాగంలో ఆవగింజ కంటే చిన్న ఎర్ర చుక్కలు వెతకండి. చెయ్యీ కాలూ బలం, మాట తడబాటు చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆక్సిజన్ చూసుకుంటూ 108లో మెడ రక్తనాళాల సీటీ స్కాన్ చేయగలిగే పెద్దాసుపత్రికి పంపాలి. గర్భిణి అయితే ఏ లక్షణం లేకపోయినా పంపండి. ఒకసారి గొంతు నులిమినవాడు తర్వాత చంపే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ సంగతి ఆమెకి భయపెట్టకుండా, దాచకుండా చెప్పాలి.

గర్భిణిని పొట్ట మీద తన్నాడు. బిడ్డ కదులుతోంది, రక్తం పోవడం లేదు.

అయినా ఊరుకోకూడదు. మాయ విడిపోతే రక్తం లోపలే నిలిచిపోవచ్చు. పొట్ట గట్టిపడిందా, ముట్టుకుంటే నొప్పా చూడండి. 20 వారాలు దాటితే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, బిడ్డ గుండె చప్పుడు, ఆమె నాడి, బీపీ మళ్ళీ మళ్ళీ చూస్తూ కనీసం 4 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. అంతసేపు చూసే వీలు లేకపోతే పెద్దాసుపత్రికి పంపండి. ఆమె బ్లడ్ గ్రూపు ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే 72 గంటల లోపు యాంటీ-డి సూది పడాలి, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) మీద బ్లడ్ గ్రూపు అప్పుడే చూసుకోండి.

భర్తే బలవంతం చేశాడంటే వైద్యం ఏమైనా వేరా?

వైద్యంలో ఏ తేడా లేదు. గర్భం రాకుండా లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు ఒకే మోతాదుగా, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. ఐదు రోజుల వరకూ ఇవ్వొచ్చు గానీ ఆలస్యమయ్యే కొద్దీ పని తగ్గుతుంది. హెచ్ఐవీ ముప్పు ఉంటే 72 గంటల లోపు మందులు మొదలై 28 రోజులు సాగాలి. మీ దగ్గర లేకపోతే ఏరియా ఆసుపత్రికి అదే రోజు పంపండి. సుఖవ్యాధులకి వైద్యం, హెపటైటిస్-బి టీకా చూసుకోండి. యోనిలో రెండు వేళ్ళు పెట్టి చూసే పరీక్ష చేయకూడదు, అది నిషేధం. 18 దాటిన భార్యపై భర్త బలాత్కారాన్ని భారతీయ న్యాయ సంహిత అత్యాచారంగా లెక్కించకపోయినా, గృహహింస చట్టంలో లైంగిక హింస స్పష్టంగా ఉంది. ఆమెకి ఆ దారి మూసుకుపోలేదు.

కుటుంబ నియంత్రణ దగ్గర ఒక ముఖ్య విషయం. కాపర్-టికి గానీ, అంతర (గర్భనిరోధక) సూదికి గానీ, ఆపరేషన్‌కి గానీ, 18 దాటిన స్త్రీ గర్భస్రావానికి గానీ భర్త సంతకం చట్టం అడగదు. రహస్యంగా ఉంచుకోవాలనే ఆమెకి మూడు నెలలకోసారి వేసే అంతర సూది అనువైనది. కానీ దాని కార్డు ఇంట్లో దొరికితే గొడవే, కాబట్టి ఆమె కోరితే కేంద్రంలోనే ఉంచండి. నెలసరి తేడా వస్తుందని కూడా ముందే చెప్పాలి, లేకపోతే అదే పట్టిస్తుంది.

పురుగుమందు తాగి వచ్చిన కేసుల్లో ఈ ప్రశ్నలు అడగడానికి టైమెక్కడిది?

మొదట ప్రాణం. చేలకీ చెరువులకీ వాడే మందులు ఇంటి చూరులోనే ఉండే ప్రాంతం మనది. గడ్డి మందు, జుట్టు రంగు తాగినవాళ్ళూ వస్తుంటారు. తాగిన డబ్బా తెప్పించుకోండి, మొదలుపెట్టాల్సిన వైద్యం మొదలుపెట్టి పంపండి. ఆమె స్పృహలో ఉంటే, అత్తింటివాళ్ళు వినకుండా, "ఎవరైనా తాగించారా? ఏం జరిగింది?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, ఆమె అన్నది అన్నట్టు రాయండి. కాలిన గాయాలతో వచ్చినా ఇంతే. బతికే ఆశ లేనప్పుడు మేజిస్ట్రేట్ వచ్చేవరకూ ఆగలేకపోతే డాక్టరే మరణ వాంగ్మూలం నమోదు చేయొచ్చు. మాట్లాడగల స్థితిలో ఉందని ధ్రువీకరించి, ఆమె మాటల్లోనే, సాక్షుల సంతకాలతో, సమయం వేసి రాయాలి.

కోలుకుని తిరిగొచ్చాక అసలు పని మొదలవుతుంది. మానసిక ఆరోగ్య చట్టం (2017) సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఇది ఆమెకి చెప్పండి. కేసు భయంతో "పొరపాటున తాగాను" అని రాయించుకుని వెళ్ళిపోయినవాళ్ళు, అదే ఇంటికి, అదే డబ్బా దగ్గరికి వెళ్తారు.

రికార్డులో ఏం రాయాలి, ఎలా రాయాలి?

మూడేళ్ళ తర్వాత కోర్టులో ఆమె తరఫున మాట్లాడేది ఆ కాగితమే. ఎవరు, దేనితో, ఎప్పుడు, ఎక్కడ కొట్టారన్నది ఆమె మాటల్లోనే రాయండి: "నా భర్త నిన్న రాత్రి కొబ్బరి మట్టతో ఎడమ భుజం మీద కొట్టాడు అని చెప్పింది." "దాడి జరిగిందట" అన్న సందేహపు ధోరణి, "కుటుంబ కలహం" అన్న మాట రెండూ ఆమెని దెబ్బతీస్తాయి. ప్రతి గాయానికీ చోటు, పొడవు వెడల్పు సెంటీమీటర్లలో, రంగు, ఆకారం ఉండాలి. మనిషి బొమ్మ గీసి గుర్తు పెట్టండి. "పాత గాయం" అని కొట్టెయ్యకుండా దాన్నీ కొలవండి. కమిలిన రంగు చూసి ఎన్ని రోజులదో తేల్చి చెప్పకండి, మనిషి మనిషికీ మారుతుంది, కోర్టులో నిలవదు. ఫోటో ఆమె ఒప్పుకుంటేనే, పక్కన స్కేలు పెట్టి. మీ సొంత ఫోన్లో తియ్యొద్దు, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు.

ఇదంతా కేంద్రంలో, తాళం కింద. ఆమె చేతికిచ్చే ఓపీ చీటీ మీద, ఎంసీపీ కార్డు మీద హింస గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు. వైద్య పరీక్ష నివేదిక నకలు ఉచితంగా పొందే హక్కు ఆమెకుంది. ఇంట్లో పెట్టుకోలేనంటే "నీ పేరున ఇక్కడ భద్రంగా ఉంటుంది" అని చెప్పండి.

ఆభా నంబరుతో (డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరుతో) అన్నీ ఆన్‌లైన్ అవుతున్నాయి కదా?

ఇది ఈ మధ్య పెరిగిన చిక్కు. చాలామంది ఆడవాళ్ళ ఆభాకి, ఆధార్‌కి లింకైన నంబరు భర్తదే. ఓటీపీ, మెసేజ్ ఆయన జేబులో మోగుతాయి. హింసకి సంబంధించిన వివరాలు ఆమె నంబరు ఏదో కనుక్కోకుండా ఆన్‌లైన్‌లో ఎక్కించకండి. "ఫాలో-అప్‌కి ఫోన్ చెయ్యొచ్చా, ఏ టైములో, ఎవరెత్తితే ఏమని చెప్పాలి?" అని అడిగి రాసుకోండి. భర్త ఎత్తితే "ఐరన్ మాత్రలు అయిపోయాయేమోనని చేశాం" అనండి.

పోలీసులకి తప్పనిసరిగా చెప్పాలా?

ప్రభుత్వ ఆసుపత్రిలో దాడి గాయాన్ని మెడికో లీగల్ కేసుగా రాసి స్టేషన్‌కి సమాచారం పంపడం రివాజు. అది పంపినంత మాత్రాన ఆమె కేసు పెట్టినట్టు కాదు. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వద్దంటే ఆ మాట రాసి సంతకం తీసుకోండి, వైద్యం మాత్రం ఆపకండి.

గృహహింస చట్టం దారి వేరు. 2006 నాటి నిబంధనల్లో 17వది, అప్పటికి ఎవరూ గృహహింస నివేదిక ఇచ్చి ఉండకపోతే ఆసుపత్రి ఇన్‌ఛార్జి ఆ నివేదిక రాసే ఫారం-1 నింపి రక్షణ అధికారికి (ఈ చట్టం కింద నియమించిన అధికారికి) పంపాలంటోంది. రక్షణ అధికారి దాన్ని మేజిస్ట్రేట్‌కి ఇచ్చి, నకలు పోలీస్ స్టేషన్‌కి పంపుతారు. ఇది ఆమెకి ముందే చెప్పి, ఎప్పుడు పంపితే ముప్పు తక్కువో ఆమెతో అనుకున్నాకే నింపండి. మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు పడితే మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లోపు, తీర్పు 60 రోజుల్లో ఇవ్వడానికి ప్రయత్నించాలని చట్టం. ఆచరణలో ఎక్కువే పడుతుంది, ఆ మాట దాచకండి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు, భర్త దగ్గరికి రాకుండా ఉత్తర్వు, ఖర్చులకి డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ అడగొచ్చు. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకూ జైలు, లేదా 20,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. నేరపు కేసు పెట్టదలిస్తే భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వానికి సంబంధించిన పాత ఐపీసీ 498-ఎ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ ఉంది.

భర్తని పిలిచి నాలుగు మాటలు చెబితే తగ్గడా? పెద్దల్లో పెడితే?

ఈ ఉద్దేశం మంచిదే గానీ ఫలితం చాలాసార్లు ఆమె ఒంటి మీద తేలుతుంది. పిలిచిన క్షణమే ఆమె బయట చెప్పిందని అతనికి తెలిసిపోతుంది. కొట్టేవాణ్ణీ దెబ్బలు తిన్నదాన్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఆమె నిజం చెప్పలేదు. పెద్దమనుషులు తేల్చేది కాపురం నిలబడే సంగతే తప్ప ఆమె ప్రాణం సంగతి కాదు. ఆరోగ్య కేంద్రం ఈ పనిలోకి దిగకూడదు. పెద్దల్లో పెట్టాలని ఆమే అనుకుంటే అది ఆమె నిర్ణయం. అక్కడ ఎదురుతిరిగితే ఏం చేయాలన్నది మాత్రం ముందే మాట్లాడుకోండి.

తాగుడు మాన్పిస్తే సరిపోదా?

తాగుడు దెబ్బల్ని ముదురుస్తుంది. సంక్రాంతి కోడిపందేల్లో పోగొట్టుకున్న డబ్బు కోపం కూడా అంతే. కానీ తాగి వచ్చినవాడు బజార్లో ఎస్ఐ మీద చెయ్యెత్తడు, ఇంటికొచ్చి భార్య మీద ఎత్తుతాడు. తాగుడుకి వైద్యం ఇప్పించండి, ఆమె భద్రత మాత్రం అతను మానతాడన్న నమ్మకం మీద పెట్టకండి.

ఆశా ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

ఆశాది అదే ఊరు, అదే వీధి, ఒక్కోసారి అదే ఇంటిపేరు. అదే బలం, అదే ప్రమాదం. ఇంటికెళ్ళి అడగడం, సర్దిచెప్పడం, రిజిస్టర్‌లో రాసుకోవడం వద్దు. "వదినా, డాక్టరుగారు ఒకసారి రమ్మన్నారు" అని కేంద్రానికి తీసుకురావడం, ఆ ఇంట్లో గొడవ ముదిరితే 112కి ఫోన్ చేయడం, విన్నది మింగేయడం ఆమె పని. సద్బుద్ధితో సమాచారం ఇచ్చిన వ్యక్తి మీద ఏ బాధ్యతా పడదని గృహహింస చట్టం సెక్షన్ 4 చెబుతోంది, ఇది ఆశాలకి తప్పక తెలియాలి.

ఇంటికే వెళ్తానంటోంది. ఆపాలా?

ఆపకండి. విడిపోయే సమయమే అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఆమె వెనకాడటంలో లెక్క ఉంది. వెళ్ళే ముందు ఐదు నిమిషాలు జాగ్రత్తలు మాట్లాడండి. గొడవ మొదలైతే కత్తులూ పొయ్యీ ఉండే వంటింట్లో ఇరుక్కోకుండా వాకిలి ఉన్న వైపు ఉండటం. "బియ్యం కావాలి" లాంటి ఒక గుర్తుమాట పక్కింటివాళ్ళతో అనుకోవడం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, డ్వాక్రా పుస్తకం, పిల్లల పుట్టిన ధ్రువపత్రాల నకళ్ళు, కొంచెం డబ్బు, వేసుకునే మందులు నమ్మకమైన ఒకరి ఇంట్లో ఉంచడం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళు టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి చేతిలో రూపాయి లేకపోయినా గుర్తింపు కార్డు ఉంటే జిల్లా కేంద్రం చేరొచ్చు. ఆ కార్డునే అతను దాచేస్తాడు, అందుకే దాని సంగతి ముందు చూడాలి.

లంక గ్రామాల వాళ్ళకి ఇంకో లెక్క ఉంది. రాత్రి పడవ ఉండదు. సఖినేటిపల్లి–నరసాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం లాంటి రేవుల్లో ఆఖరి పంటు ఎన్నింటికో ఆమెకి తెలిసి ఉండాలి, తెల్లారేదాకా తలదాచుకునే ఇల్లు లంకలోనే ఒకటి అనుకుని ఉంచాలి. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలు వరసగా ఎక్కే జులై, ఆగస్టుల్లో కాజ్‌వేలు మునిగి ఊళ్ళు తెగిపోతాయి. ప్రమాదం ఎక్కువున్న మనిషిని రెండో హెచ్చరిక రాకముందే, కాన్పు దగ్గరపడిన గర్భిణుల్ని తరలించేటప్పుడే ఇవతలికి తీసుకురండి. కారణం అడిగితే గర్భిణి పరీక్ష అనో, బీపీ అనో చెప్పొచ్చు.

భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఇది కూడా హింసేనా?

అవును. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమనడం, గంటకోసారి ఫోన్ చేసి అనుమానించడం, డబ్బు ఆపేయడం, అత్తింటివాళ్ళ చేత కొట్టించడం కోనసీమలో కొత్త సంగతులు కావు. కువైట్‌లో ఇంటిపని చేసి ఆమె పంపిన డబ్బు అతను తినేసి, తిరిగొచ్చాక లెక్క అడిగితే కొట్టడమూ ఉంది. అతను సెలవు మీద వచ్చే నెల ఏదో రాసుకుని, దానికి ముందే ఒక విజిట్ పెట్టుకోండి.

ఎక్కడికి పంపాలి?

మహిళా హెల్ప్‌లైన్ 181. ప్రాణాపాయంలో 112, అంబులెన్స్‌కి 108, మానసిక సాయానికి 14416, ఉచిత న్యాయసాయానికి 15100. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు, 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు అది. సఖి వన్ స్టాప్ సెంటర్‌లో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు, న్యాయసాయం ఒకేచోట ఉంటాయి, ఐదు రోజుల వరకూ తలదాచుకోవచ్చు. అంతకు మించి అవసరమైతే వాళ్ళే శక్తి సదన్‌కి (ఆడవాళ్ళ ఆశ్రయ గృహానికి) పంపుతారు. నంబర్లు రాసిన చీటీ చేతికిచ్చి పంపేస్తే సగం మంది వెళ్ళరు. కేంద్రం ఫోన్ నుంచి మీరే కలిపి ఇవ్వండి, అవతల మనిషి పేరు కనుక్కోండి, వెంట ఎవరిని పంపగలరో చూడండి. మూడు నెలలకోసారి ఆ నంబర్లకి ఫోన్ చేసి పనిచేస్తున్నాయో లేదో సరిచూసుకోవాలి.

పెళ్ళైన పిల్లకి 17 ఏళ్ళే. అప్పుడు?

18 లోపు అయితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వర్తిస్తుంది, పెళ్ళి అయినా సరే. 2017లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. సమాచారం ఇవ్వడం మన మీద తప్పనిసరి, ఇవ్వకపోతే శిక్ష ఉంది. ఆ అమ్మాయికి ఇది ముందే, అర్థమయ్యేలా చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. గర్భస్రావం కోరితే, పిల్లా, ఆమె సంరక్షకులూ అడిగినప్పుడు పేరు బయటపెట్టకుండా సమాచారం ఇవ్వొచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆమె మెట్టినిల్లు యానాం, పుట్టిల్లు మన మండలం. ఎక్కడ చూసుకోమనాలి?

వైద్యానికి సరిహద్దు లేదు, మీ దగ్గరికొస్తే మీరే చూడాలి. యానాం పుదుచ్చేరి కింద ఉన్నా గృహహింస చట్టం కేంద్ర చట్టం. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేట్ దగ్గరే దరఖాస్తు వేసుకోవచ్చు, పుట్టింట్లో ఉంటే ఇక్కడే. పోలీస్ స్టేషన్ కూడా మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, పరిధితో పనిలేని జీరో ఎఫ్ఐఆర్ రాయాలి.

మా స్టాఫ్‌లోనే ఒకావిడకి ఈ ఇబ్బంది ఉంది.

ఉంటుంది. ఏఎన్ఎం, నర్సు, ఆశా, డాక్టరు, ఎవరైనా కావొచ్చు. ఆమె రికార్డు ఆమె పనిచేసే కేంద్రంలో పెట్టకండి, పక్క మండలంలో చూపించుకునే ఏర్పాటు చేయండి. డ్యూటీ టైములు, ఆమె వచ్చే దారి భర్తకి కంఠతా వచ్చి ఉంటాయి కాబట్టి ఫీల్డు రోజులు మార్చడం, రాత్రి డ్యూటీ తర్వాత వెంట మనిషిని పంపడం మెడికల్ ఆఫీసర్ చేతిలో ఉన్న పనులు. అతను కేంద్రానికి ఫోన్ చేసి "మా ఆవిడ ఉందా?" అని అడిగితే జవాబు ఎవరివ్వాలో, ఏమివ్వాలో ముందే అనుకుని, వాచ్‌మన్‌కీ అటెండర్‌కీ కూడా చెప్పి ఉంచండి.